పిల్లలు పరిగెడతారు, మీరు నిలబడతారు: మంచులో స్కౌట్ క్యాంపుకి వెళ్ళే పెద్దలకి

మంచులో స్కౌట్ క్యాంపు పెడితే ముందు చలికి దొరికేది పిల్లలు కాదు, పెద్దలు. పిల్లలు స్లెడ్ లాగుతారు, మంచు తవ్వుతారు, కట్టెలు మోస్తారు, ఏ పనీ లేకపోతే ఒకళ్ళనొకళ్ళు తరుముకుంటారు. పెద్దవాళ్ళు కాఫీ కప్పు పట్టుకుని చూస్తూ నిలబడతారు. కదలని ఒంట్లో వేడి పుట్టదు. గంటన్నర అలా నిలబడ్డాక కాలివేళ్ళు మొద్దుబారతాయి, ఆ తర్వాత బుర్ర. బుర్ర మొద్దుబారిన మనిషి పన్నెండుగురు పిల్లలకి కాపలా కాయలేడు. అందుకే పెద్దల తయారీ వేరు, పిల్లల తయారీ వేరు. చాలా ట్రూపుల్లో (స్కౌట్ దళాల్లో) ఇచ్చే సామాన్ల జాబితా మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఇది మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ లాంటి చోట్ల ఉంటూ, పిల్లల్ని ట్రూపులో చేర్పించి, "మీరూ రండి" అని స్కౌట్‌మాస్టర్ అడిగితే తలూపిన తెలుగువాళ్ళ కోసం. వీళ్ళలో హైస్కూల్లో మెడకి స్కార్ఫ్ కట్టినవాళ్ళు కొంతమంది ఉంటారు. స్కౌట్ మెట్లలో ద్వితీయ సోపాన్ దాకానో, రాజ్య పురస్కార్ దాకానో వచ్చి, టెన్త్ పరీక్షల పుణ్యమా అని వదిలేసినవాళ్ళు. అప్పుడు నేర్చుకున్నదాంట్లో చాలావరకు ఇక్కడా చెల్లుతుంది: ఎడమచేతి కరచాలనం, ప్రతిజ్ఞ, పెట్రోల్ అనే చిన్న జట్ల పద్ధతి, క్లోవ్ హిచ్, బోలైన్ ముడులు. చెల్లనిది ఒకటుంది. మన దగ్గర స్కౌట్ మాస్టరంటే బడిలో పంతులుగారు. క్యాంపంటే ఆయన చెప్పినట్టు నడవడం. ఇక్కడ ట్రూపును నడిపేది తోటి అమ్మానాన్నలు, క్యాంపును నడపాల్సింది పిల్లలు. పదమూడేళ్ళ పెట్రోల్ లీడర్ మెనూ రాస్తాడు, వాడి మెనూలో ఉప్పు తగ్గితే ఆ పెట్రోల్ చప్పటి కూడే తింటుంది. పెద్దలు కల్పించుకోవాల్సింది ప్రాణానికో ఒంటికో ముప్పున్నప్పుడే. వేసవిలో ఇది తేలిక. చలికాలంలో ఎక్కడ ఊరుకోవాలో, ఎక్కడ అడ్డం పడాలో తెలియాలి.

డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లో రాస్తున్నాను, ఇక్కడ పిల్లలకి తెలిసింది అదే కాబట్టి. 32 అంటే మన సున్నా, 0 అంటే సెల్సియస్‌లో మైనస్ 18.

కాగితాల పని

బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా 2025 ఫిబ్రవరి 8 నుంచి స్కౌటింగ్ అమెరికా అయింది. నిబంధనలు మాత్రం మారింది పేరే కదా అని సడలలేదు. 2023 సెప్టెంబరు 1 నుంచి ట్రూపు క్యాంపులో రాత్రి ఉండే ప్రతి పెద్దమనిషీ నమోదు చేసుకుని ఉండాల్సిందే. "ఒక్క రాత్రికే కదా, మా వాడితో వచ్చి పడుకుంటాను" అంటే కుదరదు. నమోదుకి దరఖాస్తు, నేర చరిత్ర పరిశీలన, పిల్లల రక్షణ మీద ఆన్‌లైన్ శిక్షణ ఉంటాయి. పరిశీలన తేలడానికి రోజులు పడుతుంది కాబట్టి జనవరి క్యాంపుకి నవంబరులోనే మొదలుపెట్టాలి.

ఏ కార్యక్రమానికైనా 21 ఏళ్ళు నిండిన, నమోదైన పెద్దలు కనీసం ఇద్దరుండాలి. ఆడపిల్లలుంటే వాళ్ళలో ఒకరు మహిళ కావాలి. పిల్లవాడితో పెద్దమనిషి ఒంటరిగా ఉండకూడదు. పెద్దలకి టెంట్లు వేరు. ఒకే టెంట్లో పడుకునే పిల్లల మధ్య రెండేళ్ళకి మించి తేడా ఉండకూడదు. ట్రూపు స్థాయిలో కన్నబిడ్డతోనైనా ఒకే టెంట్లో పడుకునే వీల్లేదు, ఆ వెసులుబాటు చిన్నపిల్లల కబ్ ప్యాకులకే. ఇది చలికాలంలో మన అమ్మానాన్నలకి కొరుకుడు పడదు. "వాడికి చలేస్తే ఎవరు చూస్తారు?" అని అడుగుతారు. వాడి టెంట్లో ఉన్న జోడీ చూస్తాడు, వాడు లేపితే ఇద్దరు పెద్దలు కలిసి వెళ్ళి చూస్తారు. ఈ ఏర్పాటు ముందే పిల్లలకి చెప్పి, పెద్దల టెంట్ ఏదో చూపించి పెట్టాలి. రాత్రి రెండింటికి చలేసిన పిల్లవాడు మొహమాటపడి లేపకపోవడమే అసలు ప్రమాదం.

ఆరోగ్య వివరాల పత్రంలో ఎ, బి భాగాలు ప్రతి క్యాంపుకీ కావాలి. డాక్టరు పరీక్ష చేసి సంతకం పెట్టే సి భాగం 72 గంటలు దాటే క్యాంపులకి. శని, ఆదివారాల క్యాంపుకి డాక్టరు దగ్గరికి పరిగెత్తనక్కర్లేదు. ఉబ్బసం ఇన్‌హేలర్, తీవ్రమైన అలర్జీకి పొడుచుకునే ఎపిపెన్, ఇన్సులిన్ వాడే పిల్లలెవరో మాత్రం ఆ పత్రాల్లోంచి ఏరి రాసుకోవాలి. ఇవి చలికి పాడవుతాయి, లేదా సరిగా పనిచెయ్యవు. బ్యాగులో కాదు, పగలు కోటు లోపలి జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగులో ఉండాలి.

ఒంటి మీద

చలికంటే చెమట చెడ్డది. తడి బట్ట ఒంట్లో వేడిని పొడిబట్ట కంటే ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తుంది. నూలు నీళ్ళు తాగి పట్టుకుంటుంది, ఆరదు. జీన్స్, కాటన్ బనియన్, కాటన్ సాక్స్, హుడీ ఈ నాలుగూ ఇంట్లోనే వదిలెయ్యాలి. బయల్దేరే రోజు అందరూ కలిసే పార్కింగ్ లాట్‌లో బ్యాగులు విప్పించి చూస్తే కనీసం ఇద్దరి దగ్గర జీన్స్ దొరుకుతాయి. అందుకే ఆ తనిఖీ అక్కడ కాదు, ముందు వారం మీటింగులో పెట్టాలి. కొనుక్కోవడానికో, ట్రూపు పెట్టెలోంచి అరువు ఇవ్వడానికో టైముంటుంది.

లోపల పాలియెస్టర్ థర్మల్స్ గానీ మెరీనో ఉన్ని గానీ, దాని మీద ఫ్లీస్, పైన గాలి తగలని షెల్ (పల్చటి పై కోటు). పిల్లలకి ఇది చాలు. వాళ్ళకి నేర్పాల్సింది పని మొదలుపెట్టే ముందే ఒక పొర విప్పడం. మంచు తవ్వేటప్పుడు కొంచెం చలిగా అనిపిస్తేనే లెక్క సరిగ్గా ఉన్నట్టు. నిలబడే పెద్దలకి వీటన్నిటి మీదా ఇంకో పెద్ద పఫ్ఫీ కోటు కావాలి, షెల్ మీద పట్టేంత వదులుది. దాన్ని పని అయిపోయిన నిమిషంలో వేసుకోవాలి. చలి మొదలయ్యాక వేసుకుంటే అది పోయిన వేడిని తిరిగి తేదు, ఉన్నదాన్ని ఆపుతుంది అంతే.

ఇండియా నుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్ ఉంటే సిగ్గుపడకుండా తీసుకెళ్ళండి. చెవులు, గడ్డం, మెడ ఒకేసారి కప్పే వస్తువు అంతకంటే చవకగా దొరకదు. రాత్రి పడుకోవడానికైతే మరీ మంచిది, మామూలు టోపీలా తెల్లారేసరికి ఊడిపోదు. అది ఉన్నిదో, యాక్రిలిక్‌దో అయితే చాలు.

కాళ్ళ దగ్గర చేసే తప్పు ఎక్కువ సాక్సులు. బూటు బిగుసుకుంటే రక్తం ఆడదు, మూడు జతలు వేసుకున్నవాడి వేళ్ళే ముందు మొద్దుబారతాయి. ఒక పల్చటి లైనర్, ఒక మందపాటి ఉన్ని సాక్, లోపల వేళ్ళు ఆడించే చోటు. నిలబడే పెద్దలకి ఇంకో చిట్కా: అడుగున్నర చదరపు ఫోమ్ ముక్క ఒకటి పట్టుకెళ్ళి దాని మీద నిలబడండి. పాత స్లీపింగ్ ప్యాడ్ కోస్తే నాలుగు ముక్కలొస్తాయి. బూటు అడుగు నుంచి మంచులోకి పోయే వేడి అక్కడే ఆగిపోతుంది. కూర్చోవడానికీ, స్టవ్ కింద పెట్టడానికీ అదే ముక్క. బూట్లలో పెట్టే వేడి ప్యాకెట్లు గాలి తగిలితేనే పనిచేస్తాయి, లోపల ఇనుము పొడి ఆక్సిజన్‌తో కలిస్తేనే వేడి పుట్టేది. బిగుతు బూట్లో అవి చల్లగానే పడుంటాయి.

చేతులకి గ్లోవ్స్ కంటే మిటెన్స్ (నాలుగు వేళ్ళూ ఒకే అరలో ఉండే తొడుగులు) వెచ్చన. కానీ మిటెన్స్ వేసుకుని ముడులు వెయ్యలేరు. టెంట్ తాళ్ళకి ఇంట్లోనే ఉచ్చులు వేసి ఉంచుకోవాలి. బోలైన్ తడిసి గడ్డకడితే విప్పడం ఎవరివల్లా కాదు. టెంట్ తాడు బిగించే టాట్‌లైన్ హిచ్ ముడి చివర జారుముడిగా వదిలితే ఒక్క లాగుతో ఊడుతుంది.

నేల మీద

రాత్రి చలి పైనుంచి కాదు, కిందినుంచి వస్తుంది. స్లీపింగ్ బ్యాగులో మన కింద పడ్డ భాగం బరువుకి నలిగి పనికిరాకుండా పోతుంది, కాబట్టి అక్కడ వేడిని ఆపేది ప్యాడ్ ఒక్కటే. ప్యాడ్ల మీద వేడిని ఎంత ఆపుతుందో చెప్పే ఆర్-విలువ అని ఒక అంకె ఉంటుంది. మామూలు మూసిన రంధ్రాల ఫోమ్ ప్యాడ్‌కి 2 చుట్టూ ఉంటుంది. మంచు మీద పడుకోవాలంటే 5 దాటాలి, సున్నాకి దిగువకైతే 6 పైన. ఇందులో హాయైన సంగతి, ఈ అంకెలు కూడుకుంటాయి. ఫోమ్ 2, దాని మీద గాలి నింపే ప్యాడ్ 3.5 పెడితే 5.5. గాలి ప్యాడ్‌కి చిల్లు పడినా ఫోమ్ మిగులుతుంది. ఖరీదైన ప్యాడ్ ఒక్కటే కొనేకంటే ఇలా రెండు కలిపి వెయ్యడం పిల్లలకి మేలు.

కొనకూడనిది బంధువులొస్తే హాల్లో వేసే గాలి పరుపు. మెత్తగా, ఎత్తుగా ఉంటుంది కాబట్టి వెచ్చగా ఉంటుందనుకుంటారు. లోపల అడ్డం ఏమీ లేని గాలి అటూ ఇటూ తిరుగుతూ ఒంటి వేడిని తీసుకెళ్ళి నేలకి ఇచ్చేస్తుంది. దాని మీద పడుకోవడం ఉత్త నేల మీద పడుకోవడంకంటే గొప్పేమీ కాదు. గొర్రె ఉన్నితో నేసిన గొంగడి ఇంట్లో ఉంటే అది మాత్రం పనికొస్తుంది, ఫోమ్ మీద పరుచుకోండి. ముతకగా ఉన్నా తడిని ఓర్చుకుంటుంది.

స్లీపింగ్ బ్యాగు మీద రాసిన డిగ్రీని నమ్మేముందు అది ఏ డిగ్రీయో చూడాలి. పరీక్షించిన బ్యాగుల మీద కంఫర్ట్ అని ఒకటి, లిమిట్ అని ఒకటి రెండుంటాయి. లిమిట్ అంటే మగవాడు ముడుచుకుని ఎలాగోలా నిద్రపట్టించుకోగలిగే చలి. పేరులో పెద్దక్షరాలతో ఉండేది తరచూ అదే. కంఫర్ట్ అంకెనే చూసి, రాబోయే చలికంటే ఇంకో పది డిగ్రీలు తక్కువది తీసుకోవాలి. పిల్లల బ్యాగులకి ఈ పరీక్ష వర్తించదు, వాటి మీద రాసింది కంపెనీ ఊహ. కొత్తది కొనలేకపోతే రెండు బ్యాగులు ఒకదాంట్లో ఒకటి దూర్చవచ్చు. లెక్క ఉజ్జాయింపుగా ఇది: 70 లోంచి రెండో బ్యాగు అంకె తీసేసి, సగం చేసి, మొదటి బ్యాగు అంకెలోంచి తగ్గించాలి. 20 బ్యాగులో 40 బ్యాగు పెడితే 5 దాకా వస్తుంది. బయటిది లోపలిదాన్ని ఒత్తెయ్యకుండా ఉంటేనే.

టెంట్ వేసేముందు ఆ చోటంతా బూట్లతో తొక్కి, అరగంట వదిలెయ్యాలి. తొక్కిన మంచు గట్టిపడుతుంది. వెంటనే వేస్తే రాత్రికి మోకాళ్ళ, పిరుదుల కింద గుంటలు పడి, తెల్లారేసరికి అవే అచ్చులుగా గడ్డకడతాయి. మామూలు మేకులు మంచులో నిలవవు. చెయ్యంత కర్రకి తాడు చుట్టి, అడుగు లోతున అడ్డంగా పాతి, మంచు కప్పి తొక్కాలి. తాడును కర్ర చుట్టూ తిప్పి రెండు కొసలూ బయట ఉంచితే తిరిగి పోయేటప్పుడు తవ్వకుండా తాడు లాగేసుకోవచ్చు. లోయ అడుగున టెంట్ వద్దు, చల్లగాలి నీళ్ళలాగే పల్లానికి పారి అక్కడ నిలుస్తుంది. ఇరవై, ముప్ఫై అడుగులు పైకెక్కితే తేడా తెలుస్తుంది. పైకి చూసి ఎండుకొమ్మలు లేవని కూడా చూసుకోవాలి.

ఎంత చలైనా టెంట్ పైన గాలి కిటికీలు తెరిచే ఉంచాలి. మూస్తే ఊపిరి ఆవిరి గోడలకి మంచుపొడిగా పట్టి, కదిలినప్పుడల్లా మొహం మీద రాలుతుంది, బ్యాగు తడుస్తుంది. బ్యాగులోపల మొహం పెట్టి ఊపిరి వదలడమూ అంతే. టెంట్లో మంట, స్టవ్, కొవ్వొత్తి, గ్యాస్ హీటర్ ఏదీ వద్దు. స్కౌటింగ్ నిబంధనే కాదు, ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

పొయ్యి, నీళ్ళు, తిండి

వేసవిలో ముచ్చటగా పనిచేసే చిన్న గ్యాస్ డబ్బా స్టవ్ చలిలో మొరాయిస్తుంది. బ్యూటేన్ 31 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ఐసోబ్యూటేన్ 11 దగ్గర. ప్రొపేన్ మైనస్ 44 దాకా లొంగదు. కలిపిన డబ్బాల్లో ముందు ప్రొపేన్ కాలిపోయి, డబ్బా సగం ఉండగానే మంట చచ్చిపోతుంది. కారు దగ్గర పెట్టే క్యాంపుకి 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండరు, రెండు బర్నర్ల స్టవ్ అన్నిటికంటే నమ్మకం. మోసుకెళ్ళాల్సి వస్తే వైట్ గ్యాస్ (పేరు గ్యాసే కానీ ద్రవ ఇంధనం) స్టవ్. వైట్ గ్యాస్ పోసేటప్పుడు చేతులకి తొడుగు తప్పనిసరి. సున్నా డిగ్రీల్లో అది కూడా సున్నాలోనే ఉంటుంది కానీ గడ్డకట్టదు, చర్మం మీద పడి ఆవిరైతే క్షణాల్లో చర్మం గడ్డకడుతుంది. ఈ ఇంధనం పొయ్యడం పెద్దల పనే, ఇక్కడ పిల్లలకి వదలొద్దు.

మంచు కరిగించి నీళ్ళు చేద్దాం అనేది వినడానికి బాగుంటుంది. పొడిమంచు పది గిన్నెలు కరిగితే ఒక గిన్నె నీళ్ళు. వంటతో కలిపి మనిషికి రోజుకి మూడు, నాలుగు లీటర్లు కావాలి, పదిమంది ట్రూపుకి అది రోజంతా పని. సరదాకి ఒక గిన్నె కరిగించి చూపించండి, అడుగున రెండు గ్లాసుల నీళ్ళు పోశాకే మంచు వెయ్యాలి, లేకపోతే గిన్నె మాడి నీళ్ళకి మాడువాసన వస్తుంది. అసలు నీళ్ళు మాత్రం ఇంటినుంచి వేడివేడిగా అయిదు గ్యాలన్ల ఇన్సులేటెడ్ కూలర్లలో తేవాలి. మర్నాటికి కూడా గడ్డకట్టవు. కుళాయి మాత్రం గడ్డకడుతుంది, మూత తీసి గరిటెతో ముంచుకోవాలి. సీసాలు తలకిందులుగా పెట్టాలి. గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత వైపు నీళ్ళుగానే ఉంటుంది. గొట్టంతో తాగే నీళ్ళ సంచులు అరగంటలో మూసుకుపోతాయి, తేవొద్దు.

పిల్లల మెనూ పిల్లలది. పెద్దల పెట్రోల్ విడిగా వండుకుంటుంది కాబట్టి మన వంటకి అక్కడ దారుంది. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళకండి, వండిన అన్నం చలికి రాయవుతుంది, వేడిచేస్తే బయట ముద్ద, లోపల గులకరాళ్ళు. ఉప్మా అలా కాదు. ఇంట్లోనే నేతిలో ఆవాలు, మినప్పప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు వేయించి, బొంబాయి రవ్వ పోసి కమ్మని వాసన వచ్చేదాకా దోరగా వేపి, ఉప్పు కలిపి, ఆరాక మనిషికి 90 గ్రాముల చొప్పున జిప్ సంచుల్లో పొయ్యాలి. క్యాంపులో కప్పు రవ్వకి మూడు కప్పుల నీళ్ళు తెర్లుతుంటే రవ్వ పోసి రెండు నిమిషాలు కలిపి, మంట ఆపి, మూతపెట్టి, గిన్నెని ఫోమ్ ముక్కల మధ్య పది నిమిషాలు చుట్టి ఉంచితే చాలు. మామూలుగా మనిషికి 60 గ్రాములు సరిపోతుంది, చలిలో ఆకలి వేరు. ఉల్లిపాయ, అల్లం ఇంటిదగ్గరే వేయించి వెయ్యండి, సున్నా డిగ్రీల్లో గడ్డకట్టిన ఉల్లిపాయ తరగబోతే కత్తి జారేది వేలి మీదకే. కందిపొడి గడ్డకట్టదు. నెయ్యి గట్టిపడుతుంది, అదీ మేలే, పెద్ద చెంచాడు ముద్దలుగా చేసి పొట్లాలు కడితే కారదు.

జనవరి క్యాంపు సంక్రాంతి రోజుల్లోనే పడుతుంది. అరిసెలు, సకినాలు, నువ్వుల ఉండలు, పల్లీ చిక్కీ అన్నీ ఈ చలికి తగ్గ తిండే: బెల్లం, నూనె, నెయ్యి, చేత్తో పట్టుకుని తినొచ్చు. పంచేముందు అలర్జీల జాబితా చూడండి. పల్లీల సంగతి అందరూ అడుగుతారు, నువ్వుల సంగతి మర్చిపోతారు. నువ్వుల అలర్జీ ఉన్న పిల్లలూ ఉంటారు.

నాలుగు నుంచి తొమ్మిది దాకా

క్యాంపు నిలబడేదీ చెడేదీ ఈ అయిదు గంటల్లోనే. ఉత్తరాదిన జనవరిలో అయిదు గంటలకే చీకటి పడుతుంది. మూడున్నరకల్లా టెంట్లు, పడకలు సిద్ధంగా ఉండాలి. చీకట్లో, మిటెన్స్‌తో, తలమీద దీపంతో టెంట్ వేస్తే పిల్లలు చెమట పట్టి, వెంటనే చల్లబడతారు.

నాలుగింటికి అందరూ సాక్సులు మార్చాలి. మార్చారా అని అడిగితే "ఆఁ" అంటారు. పాత జత చేతిలో పట్టుకుని చూపించమనాలి. రాత్రి పడుకునే బట్టలు ఒక జత ప్లాస్టిక్ సంచిలో వేరుగా, పడక దాకా ముట్టుకోకుండా ఉండాలి. వాటిని పగలు తొడిగితే వాటి పని అయిపోయినట్టే.

నెగడు దగ్గర ఒక సంగతి గమనించాలి. మంట ఎదురుగా ఉన్నవైపు కాలుతూ, వీపు చలికి తెరిచి ఉంటుంది, నైలాన్ ప్యాంటు మీద నిప్పురవ్వ పడితే చిల్లు. బూటు మంటకి ఆనిస్తే అడుగు కరుగుతుంది, వేళ్ళు మొద్దుబారి ఉన్న పిల్లవాడికి ఆ వేడి తెలియదు. నెగడుని సంతోషానికి వాడుకోండి, వెచ్చదనానికి కాదు.

ఎనిమిదిన్నరకి ఒక్కొక్కరినీ చూడాలి. ఏదైనా కొవ్వున్నది తిన్నాడా, చీజ్ ముక్కో గుప్పెడు జీడిపప్పో? నీళ్ళు తాగాడా? రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్ళు మానేసే పిల్లలు ప్రతి ట్రూపులో ఉంటారు, ఒంట్లో నీరు తగ్గితే చలి ఇంకా త్వరగా పడుతుంది. ఒంటేలుకి వెళ్ళొచ్చాడా? పొడి మిటెన్స్, టోపీ ఉన్నాయా? గట్టి మూత ఉన్న సీసాలో వేడినీళ్ళు పోసి, మూత బిగించి, తలకిందులు చేసి కారట్లేదని చూసి, సాక్‌లో తొడిగి బ్యాగులోకి. కాళ్ళ దగ్గర కాదు, తొడల మధ్య పెట్టుకుంటే పెద్ద రక్తనాళాలు అక్కడే ఉంటాయి. బూట్ల లోపలి లైనర్లు, ఫోను, దీపం బ్యాటరీలు కూడా బ్యాగులోకే. తడి సాక్సులు మాత్రం కాదు, తడి బ్యాగంతా పాకుతుంది. పడుకునేముందు ఒంటి వేడి పెంచడానికి టెంట్ చుట్టూ చురుగ్గా రెండు చుట్లు నడవాలి, చెమట పట్టేంత కాదు.

రాత్రి ఒంటేలు వస్తే లేచి వెళ్ళాలి. ఆపుకుని పడుకుంటే నిద్ర పట్టదు, గంట సేపు వణకడం కంటే రెండు నిమిషాలు బయటికెళ్ళి రావడం నయం.

మంచు ఇల్లు, మంచు చెరువు

పిల్లలందరూ అడిగేది క్విన్‌జీ. మంచు కుప్పపోసి, లోపల తొలిచి చేసే గుహ. ఆరేడు అడుగుల ఎత్తున కుప్ప పోసి, కనీసం గంటన్నర, వీలైతే మూడు గంటలు వదలాలి. అడుగు పొడవు పుల్లలు పది, పన్నెండు చుట్టూ గుచ్చి పెట్టి, లోపలినుంచి తవ్వేవాడికి పుల్ల కొస కనిపించగానే ఆపమనాలి, గోడ అడుగు మందం మిగులుతుంది. పైన గాలిరంధ్రం. తొలిచేటప్పుడు కూలితే పిల్లవాడు పూడిపోతాడు, మంచు కింద అరుపు బయటికి వినపడదు. లోపల ఒక్కడే, గుమ్మం దగ్గర పార పట్టుకున్న పెద్దమనిషి, ఎవరూ కుప్ప మీదికి ఎక్కకూడదు. తవ్వేవాడు తడిసి బయటికొస్తాడు కాబట్టి వాడికి ఇంకో జత బట్టలుండాలి. ఇది పగటి పని. అందులో పడుకుంటామంటే నలుగురు గట్టి పెద్ద పిల్లలకే, టెంట్ కూడా వేసి ఉంచాకే.

చెరువు మీద నడవాలంటే కొత్త, తేట మంచుగడ్డ నాలుగు అంగుళాలుండాలి. తెల్లటి మంచుగడ్డకి బలం సగమే, రెట్టింపు మందం కావాలి. రంధ్రం చేసి కొలవకుండా "నిన్న ఎవరో నడిచారు" అన్న మాట మీద పిల్లల్ని వదలొద్దు.

ఒళ్ళు చెడితే

ఒంటి లోపలి వేడి తగ్గుతున్నట్టు ముందు చెప్పేది థర్మామీటరు కాదు. మాట తడబడుతుంది, చేతిలోది జారుతుంది, నడక తూలుతుంది, కబుర్లపోగు ఉన్నట్టుండి విసుక్కుంటాడు లేదా మూగవుతాడు. జిప్ పెట్టుకోమంటే పెట్టుకోలేడు, అదే మంచి పరీక్ష. వణుకుతున్నంతవరకు ఫరవాలేదు: తడి బట్టలు తీసి పొడివి వేసి, కింద ప్యాడ్, పైన బ్యాగు, తాగడానికి తియ్యటి, గోరువెచ్చటి పానీయం. వణుకు ఆగిపోయి మనిషి మత్తుగా అయితే అది తగ్గినట్టు కాదు, ముదిరినట్టు. నడిపించకుండా, నిమ్మళంగా పడుకోబెట్టి 911.

మంచు కాటు గురించి పుస్తకాల్లో చర్మం తెల్లబడుతుందని రాస్తారు. మన పిల్లల చామనఛాయ మీద అది అలా కనిపించకపోవచ్చు. బూడిద పట్టినట్టు, మైనం పూసినట్టు, పక్క చర్మం కంటే పేలవంగా ఉంటుంది. రంగుని నమ్మకుండా ముక్కు, చెవి కొసలు, బుగ్గలు ముట్టుకుని చూడాలి, స్పర్శ తెలుస్తోందా అని అడగాలి. జోడీలు గంటకోసారి ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. పై పైన అయితే వెచ్చటి అరచెయ్యి ఆనిస్తే చాలు. రుద్దకూడదు, మంచుతో రుద్దడం మరీ తప్పు, నెగడు దగ్గర పెట్టకూడదు. గట్టిగా, చెక్కలా అయితే 99 నుంచి 102 డిగ్రీల నీళ్ళలో ముంచి కరిగించాలి కానీ అది మళ్ళీ గడ్డకట్టే వీలుంటే కరిగించకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళడమే మేలు.

సున్నా డిగ్రీలు, గంటకి 15 మైళ్ళ గాలి ఉంటే చర్మానికి అది మైనస్ 19 లెక్క, తెరిచి ఉన్న చర్మం అరగంటలో గడ్డకట్టగలదు. కొత్త పిల్లలున్న ట్రూపుకి సున్నా దగ్గర టెంట్లలో పడుకోవడం ఆపేసి, క్యాబిన్‌కి మారాలని ముందే గీత గీసుకోవాలి. ఆ గీత గురువారం నాడు ఇంట్లో కూర్చుని నిర్ణయించాలి. శనివారం రాత్రి పది గంటలకి మొహమాటాల మధ్య నిర్ణయిస్తే అందరూ ధైర్యవంతులే. పిల్లల్ని వెచ్చబెట్టడానికి కారు వాడాల్సివస్తే ముందు వెనకాల పొగగొట్టం చుట్టూ మంచు తవ్వెయ్యాలి, మూసుకుపోయిన పొగగొట్టం పొగని కారులోకే పంపిస్తుంది.

ఆదివారం ఇంటికి చేరాక టెంట్లు విడిగా పంచి ఇవ్వాలి, ఒక్కో ఇంటికి ఒకటి. మంచుపొడి పట్టిన టెంట్ గ్యారేజీలో ఆరదు, అక్కడా ముప్ఫై డిగ్రీలే. బేస్‌మెంట్‌లో తాడు కట్టి రెండు రోజులు ఆరెయ్యాలి, కింద పాత దుప్పటి పరిచి. స్లీపింగ్ బ్యాగు కూడా తిరగేసి ఆరబెట్టి, నొక్కి సంచిలో కుక్కకుండా వదులుగా వేలాడదియ్యాలి, లేకపోతే ఫిబ్రవరి క్యాంపుకి అదే బ్యాగు అంత వెచ్చగా ఉండదు.